పంతులమ్మ రెండో చదువు

మా అమ్మాయి పేరు తొలకరి. దానికి చదవడం రాకపోవడానికి కారణం కళ్ళేనని మొదట తీర్మానించింది నేనే. సామర్లకోట స్టేషన్ రోడ్డులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపేవాడికి లోకంలోని ప్రతి జబ్బూ కంట్లోంచే కనిపిస్తుంది. ఎర్ర ఫ్రేము పెట్టాను, నల్ల ఫ్రేము పెట్టాను, చివరికి అద్దాలకి లేత నీలం రంగు వేయించి మరీ పెట్టాను. పిల్ల ఏది పెట్టినా బుద్ధిగా పెట్టించుకుని, గోడమీది చార్టులో అట్టడుగు వరస దాకా ఒక్కో అక్షరం చెప్పేసేది. పుస్తకం చేతికిస్తే మాత్రం పెదవులు బిగించుకుని కూర్చునేది. కాకినాడ నుంచి వచ్చే కంటి డాక్టరు గారు ఆఖరికి విసుగెత్తి, "పేర్రాజు గారూ, మీ పిల్లవి గద్ద కళ్ళండి. ఇంక నన్నడక్కండి" అనేశారు.

ఇందులో అసలు విడ్డూరం ఏమిటంటే, పిల్ల తల్లి ప్రమీల ఊళ్ళో ప్రాథమిక పాఠశాల పంతులమ్మ. స్టేషన్ రోడ్డు పిల్లల్లో సగం మంది ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆవిడ రచ్చ ఎప్పుడో గెలిచేసింది, ఇంట్లోనే గడ్డివాము దగ్గర ఆగిపోయిన బండిలా ఆగిపోయింది. రెండో తరగతి దాకా పాఠాలన్నీ గడగడా చదివిన పిల్ల మూడోదానికి వచ్చేసరికి ఒక్క పేరా చదవలేకపోయింది. వాళ్ళ క్లాసు టీచరు మొండితనం అంది. మా అమ్మ దిష్టి అంది. నేను కళ్ళన్నాను. ప్రమీల మాత్రం పిల్ల జడ అల్లుతూ కూర్చునేది.

మా ఆవిడ చదువు గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. సాయంత్రం నాలుగున్నరకి ఆవిడ బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగుమీద కూర్చుని వారపత్రిక తెరిచేది. వీధిలో ఆడవాళ్ళు చిక్కుడుకాయలూ, గోంగూర కట్టలూ పట్టుకుని చేరేవారు. ప్రమీల సీరియల్ చదువుతుంటే అత్తగారి గొంతు వేరు, అల్లుడి గొంతు వేరు. కిటికీ అవతల దొంగ నక్కి ఉన్నాడని చదివితే మా పక్కింటి మంగతాయారు గారు లేచి సొంతింటి కిటికీ వేసుకొచ్చేవారు. నేను దుకాణం కట్టేసి వచ్చి, ఎవరికీ కనబడకుండా తలుపు వెనక కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. నా పెళ్ళాన్ని చూసుకుని నాకున్న గర్వం అంతా ఇంతా కాదు, దాచుకోవడం ఎందుకు?

అటువంటి మనిషి తన చదువుని తీసుకెళ్ళి పరిశోధనశాలలో ఇచ్చేసి వచ్చింది.

వినాయక చవితికి ముందు డాక్టర్ ఎస్తేరు రాణి చదవలేని పిల్లల్ని వెతుక్కుంటూ బడికి వచ్చింది. ప్రమీల ఆవిణ్ణి ఇంటికి పిలుచుకొచ్చింది. కాకినాడలో మెదడు పరిశోధన కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. చూస్తే మాత్రం నిన్ననే బ్యాంకులో చేరిన అమ్మాయిలా ఉంటుంది. ఆవిడ తయారుచేసిన యంత్రానికి బారెడు పేరుంది. కేంద్రంలో అందరూ దాన్ని అద్దకం అంటారు. బట్టమీద అచ్చు అద్దినట్టు ఒకరి మెదడు నడకను ఇంకొకరి మెదడుమీద అద్దుతుంది కాబట్టి. ఇప్పుడైతే ఆ మాట బడిపిల్లలకి కూడా తెలుసు. అప్పట్లో మాకు అద్దకం అంటే చీరలే.

మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పింది ఎస్తేరు. "పిల్ల తలకి టోపీ పెట్టి చదివిస్తామండి. చదివేటప్పుడు లోపల ఏ దారిన ఏం నడుస్తోందో అచ్చు తీస్తాం. దాన్ని పెద్దవాళ్ళకి అద్దుతాం. చదివే దారి ఒక్కటే మారుతుంది. మాట, జ్ఞాపకం, తెలివి, ఏవీ కదలవు."

"బాగున్నవాళ్ళని చెడగొట్టడం దేనికమ్మా?" అన్నాను.

"చదవలేని పిల్లని ఏమవుతోందని అడిగితే ఏం చెబుతుందండి? 'రావట్లేదు' అంటుంది. అంతకుమించి చెప్పడానికి దాని దగ్గర మాటల్లేవు. గీతల్లో ఎక్కడ అడ్డం పడుతోందో నాకు కనిపిస్తుంది గానీ, ఆ అడ్డం దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో, ఎటు తిరిగితే దారి దొరుకుతుందో కనిపించదు. చదువు చెప్పడం తెలిసిన మనిషి లోపలికెళ్ళాలి. అక్కణ్ణుంచి మళ్ళీ నేర్చుకుంటూ మాకు చెబుతుండాలి."

"తిరిగొచ్చేదెలా?" అంది ప్రమీల.

"దీపావళి లోపు తుడిచేస్తే పాత చదువు పాతలాగే వచ్చేస్తుంది మేడమ్. గడువు దాటితే పాత దారి పూడుకుపోతుంది. మళ్ళీ తవ్వడం నాకు చేతకాదు. ఉన్నమాట చెబుతున్నాను."

ప్రమీల కప్పు కింద పెట్టింది. "అయితే మా తొలకరి అచ్చే నాకు వెయ్యండి."

సొంత పిల్లది వద్దంది ఎస్తేరు. నేనైతే అసలు ఏదీ వద్దన్నాను. మా ఆవిడ మా ఇద్దరినీ మూడో తరగతి వెనక బెంచీ వాళ్ళని చూసినట్టు చూసింది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

అద్దకం జరిగిన రోజు నేనూ వెళ్ళాను. భయపడినంత ఏమీ లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి వ్యాయామం చేయించే కుర్చీలాంటిదొకటి, పైన టోపీ, అటు పక్క తెరమీద పచ్చగీతలు. ప్రమీల కళ్ళు మూసుకుని కూర్చుని, లేచి, జడ సవరించుకుని, "అయిపోయిందా?" అంది. ఎస్తేరు ఆవిడ చేతిలో ఆ వారం పత్రిక పెట్టింది.

మా ఆవిడ పత్రిక తెరిచింది. చూసింది. ఇంకా చూసింది. ఆవిడ ముఖంలో అలాంటి చూపు నేను అంతకుముందు ఒకే ఒక్కరి ముఖంలో చూశాను. అది మా అమ్మాయి ముఖం.

"అక్షరాలన్నీ తెలుసండీ," అంది మెల్లిగా. "రెండోదాని దగ్గరికెళ్ళేసరికి మొదటిది జారిపోతోంది. వెనక్కొచ్చి దాన్ని పట్టుకుంటే రెండోది పోతోంది. ఏవండీ, మన పిల్ల రోజూ ఇలాగే బడికెళ్ళి కూర్చుంటోందా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. బల్లమీదున్న గ్లాసులో నీళ్ళు ఎవరివో చూసుకోకుండా తాగేశాను.

తరవాత రోజులు బాగానే గడిచాయి. ప్రమీల బడికి సెలవు పెట్టింది. వారం వారం కాకినాడ వెళ్ళి పరీక్ష ఇచ్చేది. పిల్లల స్థాయికి సరిపోవాలని ఒకటి, రెండు, మూడు తరగతుల వాచకాలే చదివించేవారు. మొదటి వారం తడబడింది. రెండో వారం కుదురుకుంది. దసరా దగ్గరపడేసరికి రెండో తరగతి వాచకం అట్టనుంచి అట్టదాకా చదివేస్తోందని కబురు. కేంద్రంలో కాజాలు పంచారు. ఎస్తేరు ఫోన్ చేసి, "మేడమ్ కొత్త దారి కనిపెట్టేశారండి! ఎలా కనిపెట్టారో ఆవిడకే తెలీట్లేదు, అదే మాకు ఆశ్చర్యం" అంది. "పంతులమ్మంటే ఏమనుకున్నారు మరి" అన్నాను నేను మీసం దువ్వుకుంటూ.

విజయదశమి నాడు భోజనాలయ్యాక తల్లీకూతుళ్ళు చాపమీద బోర్లా పడుకుని ఆ రెండో తరగతి వాచకమే చదువుతున్నారు. మధ్యలో పాయసం గిన్నె. పేజీ తిప్పుతూ, గిన్నెలో చెంచా వేస్తూ, ఇద్దరూ ఒకే గొంతుతో వానపాఠం అందుకున్నారు. మబ్బులు పట్టాయి, కప్పలు అరిచాయి, పిల్లలు కాగితప్పడవలు వదిలారు. వినడానికి బాగుంది. పాయసం ఇంకాస్త వేసుకుందామని వంగిన నాకు పుస్తకం కనిపించింది. వాళ్ళ ముందున్న పేజీలో వాన లేదు, కప్పలు లేవు. ఒక ఏనుగు సంతలో నిలబడి చెరుకు తింటోంది. పాయసం అంటుకుని రెండు కాగితాలు ఒక్కటై తిరిగిపోయాయి. వానపాఠం ఆ అతుక్కున్న కాగితాల మధ్యలో ఉంది.

నాకు నవ్వొచ్చింది. "ఏనుగు దగ్గర కప్పలేమిటే?" అన్నాను.

ప్రమీల పేజీ కేసి చూసింది. ఆవిడ నవ్వలేదు. చెంచా గిన్నెలో వదిలేసి లేచి కూర్చుంది. ఏళ్ళ తరబడి ఏటేటా చెప్పిన పాఠాలు. ఆవిడ నాలుకమీదే ఉన్నాయి. బొమ్మ చూసినా, పేజీ తిరిగినా వరస ప్రకారం తరవాతి పాఠాన్ని నోరే చదివేస్తోంది. ఇన్ని వారాలుగా తను చదువుతున్నాననే ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది. పంతులమ్మ తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. ఎస్తేరుకి తట్టలేదు, నాకు తట్టలేదు, కాజాలు కూడా తినేశాం.

తొలకరి మాత్రం తల్లి భుజం పట్టుకుని ఊపేస్తోంది. దాని ముఖం వెలిగిపోతోంది. "అమ్మా! నువ్వూ నాలాగే చేస్తున్నావా?"

"నీలాగా అంటే?"

"పొద్దున్నే మా బెంచీలో పక్కపిల్ల చేత ఒకసారి చదివించుకుంటా. వినేస్తా. క్లాసులో బొమ్మ చూసి చెప్పేస్తా. రెండో తరగతి దాకా అలాగే చేశా. మూడులో పాఠాలు పొడుగైపోయాయి, పట్టడం లేదు."

అంటే మా పిల్ల మూడో తరగతిలో చదువు మర్చిపోలేదు. దానికి చదువు ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి విని పాఠం మొత్తం పట్టేసే పిల్ల, అంత తెలివీ తనకి చదవడం రాదని దాచుకోడానికే ఖర్చుపెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు తల్లీ?" అంది ప్రమీల.

తొలకరి చాప ఈనె గిల్లుతూ, "టీచరు గారి కూతురికి చదువు రాదంటే నీకు నామోషీ కదా" అంది.

ప్రమీల దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు చాపమీదికి జారిపోతున్నాయి. నేను ఆ పేజీలు విడదీస్తూ కూర్చున్నాను, చెయ్యడానికి ఇంకేం పని లేక.

మర్నాడు పరిశోధనశాలలో ఎస్తేరు తల పట్టుకుంది. తెరమీది పాత గీతలన్నీ మళ్ళీ తీసి చూసింది. చదివే దారి ఎక్కడిదక్కడే ఉంది. వెలిగిందల్లా వినికిడి జ్ఞాపకం. "మాదే తప్పు మేడమ్. ఆ పుస్తకాలు మీకు కంఠతా వస్తాయని మేం ఆలోచించాలి. పదండి, ఇప్పుడే తుడిచేస్తాను. దీపావళి దగ్గరికొచ్చేసింది. మళ్ళీ ఎప్పుడైనా, ఇంకెవరితోనైనా మొదలెడదాం."

"ఇన్నాళ్ళూ నేను లోపలికి వెళ్ళనే లేదమ్మా," అంది ప్రమీల. "గుమ్మంలో నిలబడి పాఠం అప్పజెప్పాను. వెళ్ళేది ఇప్పుడు. గడువు ఉన్నంతవరకు ఉండనియ్యండి."

ఆ కొద్ది రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. ఇంట్లో ఉన్న వాచకాలన్నీ అటక ఎక్కించేసింది. ఇద్దరికీ తెలియని పుస్తకం కావాలి, తెలుసుకోవాలని మనసు పీకేది కావాలి. తొలకరికి పాములంటే పిచ్చి. కాకినాడ వెళ్ళి పాముల పుస్తకం తెచ్చాను. పండగ పూట ఇంట్లోకి పాములేమిటని మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

తల్లి ఒక పక్క, కూతురు ఒక పక్క. ఒకే అచ్చు, రెండు తలలు. ఎక్కడ ఒకరు పడితే అక్కడే రెండోవారూ పడేవారు. తేడా ఏమిటంటే పడిన చోటు గురించి ప్రమీలకి చెప్పడం వచ్చు. "పేజీ నిండా వరసలుంటే కళ్ళు సంతలో తప్పిపోయినట్టున్నాయండీ. ఒక్క వరసే కనబడాలి" అంది ఒకరోజు. నేను కళ్ళజోడు పెట్టె అట్ట తీసుకుని, ఒక్క వరస పట్టేంత చీలిక కోసి ఇచ్చాను. ఆ అట్ట కింద అక్షరాలు కాస్త నిలబడ్డాయి. నా కళ్ళజోళ్ళు చెయ్యలేని పని వాటి పెట్టె చేసిందని మంగతాయారు గారు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఇంకోరోజు పళ్ళెంలో బియ్యప్పిండి పోసి మాటని వేలితో రాస్తూ పైకి అంటే పట్టు దొరుకుతోందంది. అన్నిటికన్నా పెద్ద సంగతి జంటగా చదవడం. ఒకరు ఒక వరస ముందుగా ఎత్తుకుని, రెండోవారు గొంతు కలిపి, కుదురుకోగానే మొదటివారు మెల్లిగా తప్పుకోవాలి. ఎస్తేరు టోపీలు, చిన్న తెర మా ఇంటికే తెచ్చిపెట్టింది. అలా చదివినప్పుడు ఆ తెరమీద చదివే దారి సన్నగా పచ్చబడిందని ఎస్తేరు చిన్నపిల్లలా గెంతింది. మా అమ్మ వెనక నిలబడి "ఊఁ, తరవాత? అంతేనా?" అన్నప్పుడల్లా ఆ పచ్చదనం చప్పున ఆరిపోయేది. తల్లికీ ఆరిపోయేది, కూతురికీ ఆరిపోయేది. అది చూసిన దగ్గర్నుంచి మా అమ్మకి చదువు వేళ దేవుడి గదిలో పని పురమాయించాం.

దీపావళి ముందు రోజు ముగ్గురం కాకినాడ వెళ్ళాం. తుడిచెయ్యడానికి అదే ఆఖరి రోజు. యంత్రం సిద్ధం చేస్తుంటే తొలకరి బయట బెంచీమీద పాముల పుస్తకం తెరిచి, అట్ట పెట్టి, వేలు పెట్టి, తనంతట తానే మొదలెట్టింది. "పాముకు... బయటికి... చెవులు ఉండవు." ఆగింది. ఊపిరి తీసుకుంది. "నేల అ... అదిరితే... తెలుసు... తెలుసుకుంటుంది." తలెత్తి మా ఇద్దరినీ చూసింది. "నాన్నా, ఇది నాకెవరూ చదివి వినిపించలేదు!"

నేను అక్కడ ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పానని, కాపలా అతను వచ్చి ఇది ఆసుపత్రి లాంటి చోటని మందలించాడని ప్రమీల చెబుతుంది.

దింపాక, "పద మరి, టోపీ పెట్టించుకో. సీరియల్లో ఆ అల్లుడు ఏమయ్యాడో తెలీక వీధంతా చస్తోంది" అన్నాను ప్రమీలతో.

ఆవిడ కదల్లేదు. "ఇప్పుడు తుడిపించుకోనండీ."

"అదేంటి?"

"వాక్యం దాకా వచ్చాం. పేరా దగ్గర నేనింకా పడిపోతున్నాను. పేరాకి దారి ఎటో నాకు తెలీదు. ఇవాళ తుడిపించుకుంటే దీన్ని వాక్యం దగ్గర వదిలేసి నేను బయటికొచ్చేసినట్టు."

ఎస్తేరు గాబరాపడిపోయింది. "చూసినవన్నీ మీకు గుర్తుంటాయి మేడమ్. దాంతో పిల్లలకి చెప్పొచ్చు."

"గుర్తుంటుంది. కానీ రేపు కొత్తగా ఏది పనిచేస్తుందో పరీక్షించి చూసుకోడానికి నా దగ్గర ఏముంటుందమ్మా? ఇంకో పంతులమ్మని తెస్తారా? ఆవిడా మొదట్నుంచి మొదలెట్టాలి. ఈలోపు పిల్లలు పెద్దవాళ్ళైపోతారు."

"తుడిపించేసుకో అమ్మా," అంది తొలకరి ఏడుపుగొంతుతో. "నాకు వచ్చింది చాలు."

"నీకు చాలేమో. నాకు చాల్లేదు," అని నవ్వింది ప్రమీల.

నీ ఇష్టం అని నేను అనలేదు. వద్దనే అన్నాను. గట్టిగానే అన్నాను, కాపలా అతను రెండోసారి వచ్చేంత గట్టిగా. అరుగుమీద ఆ గొంతులన్నీ ఇంక ఉండవా అని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఉంటాయండీ. కాస్త నెమ్మదిగా ఉంటాయి" అంది. ఎస్తేరు యంత్రం ఆపేసి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మేం బస్సెక్కి ఇంటికొచ్చేశాం. ఊరంతా టపాసులు కొంటున్నారు.

ఆవిడ చెప్పినట్టు కాస్త నెమ్మదిగా కాదు, చాలా నెమ్మదిగా అయింది జీవితం. కాకినాడలో బోర్డు తప్పు చూసుకుని వేరే ఊరి బస్సెక్కేసింది ఒకసారి. మందుసీసా మీద రాసింది చదవడానికి నా దాకా వచ్చేది. వీధి ఆడవాళ్ళు కొన్నాళ్ళు అరుగు దగ్గరికి వచ్చారు. ఒక్క పేజీకే చిక్కుడుకాయలు ఒలవడం అయిపోతుంటే ఒక్కొక్కరే మానేశారు. ఆ ఖాళీ అరుగు చూసినప్పుడల్లా నాకు ఎస్తేరు మీద కోపం వచ్చేది, ఆ యంత్రం మీద వచ్చేది. మా ఆవిడ మీద మాత్రం రావాలని ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు.

ఎందుకంటే పేరాకి దారి దొరికింది. తరవాత పేజీకి దొరికింది. దొరికింది దొరికినట్టు ఎస్తేరుకి చెప్పేది. ఆ పద్ధతులు ఇప్పుడు చాలా బళ్ళలోకి వెళ్ళాయి. ఏ టోపీ అక్కర్లేదు వాటికి. ఒక అట్ట, ఇంత పిండి, పక్కన కూర్చునే మనిషి చాలు. తొలకరి ఐదో తరగతికి వచ్చేసరికి అరుగుమీద పత్రిక అదే తెరిచేది. తల్లీకూతుళ్ళు జంటగా చదివేవారు. మంగతాయారు గారు మళ్ళీ గోంగూర పట్టుకుని వచ్చారు. ఒకడు కిటికీ అవతల నక్కాడని తేలడానికి వారం పట్టినా ఓపిగ్గా కూర్చున్నారు.

బడిలో హెడ్మాస్టరు గారు ప్రమీలకి ఒక గది ఇచ్చారు. చదవలేక అవస్థ పడే పిల్లలు రోజూ ఒక గంట అక్కడికొస్తారు. అక్కడే వచ్చింది తంటా. కొబ్బరికాయల వ్యాపారం చేసే సత్తిబాబు గారి కొడుకు లోవరాజుని ఆ గదిలో వేశారు. తన కొడుకుని మొద్దుల గదిలో కూర్చోబెట్టారని ఆయనకి తలకొట్టేసినట్టయింది. పైగా ఆ గది పంతులమ్మకి చదవడం రాదని ఊరంతా తెలుసు. ఆయన అర్జీ ఒకటి రాయించి, పదిమంది చేత సంతకాలు పెట్టించి, తల్లిదండ్రుల సమావేశానికి తెచ్చాడు. అర్జీ పైవాళ్ళకి వెళితే ఆ గది మూసేస్తారని, ప్రమీలని పిల్లల దగ్గర్నుంచి తప్పిస్తారని హెడ్మాస్టరు గారు ముందే నా చెవిన వేశారు.

హాలు నిండా జనం. సత్తిబాబు లేచి, "మాకేం పగ లేదండి. పంతులమ్మ గారంటే మర్యాదే. కానీ సదవడం రానావిడ సదువెలా సెబుతారండి? ఈ కాయితం ఆవిణ్ణే సదవమనండి. గడగడా సదివేత్తే నేనే సింపేత్తాను. ఆయ్!" అన్నాడు.

నాలుగైదు నవ్వులు వినిపించాయి. నేను లేవబోయాను. ప్రమీల నన్ను చూసి వద్దని తలాడించి, వచ్చి ఆ కాగితం అందుకుంది.

"గడగడా రాదండి సత్తిబాబు గారూ. నెమ్మదిగా చదువుతాను. ఆలస్యమవుతుంది, మీరు కూర్చోండి," అంది.

సంచిలోంచి అట్ట తీసింది. బల్లమీద కాగితం పరిచి, అట్ట పెట్టి, వేలు పెట్టింది. మొదలెట్టింది. "గౌ... గౌరవనీయులైన..." హాల్లో గుసగుసలు లేచాయి. ఆవిడ ఆగి, గుసగుసలు తగ్గేదాకా ఉండి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంది. "చదవడం... రాని... ఉపా... ఉపాధ్యా..." ఆ మాట దగ్గర రెండుసార్లు వెనక్కెళ్ళింది. మూడోసారి పట్టుకుంది. "ఉపాధ్యాయురాలి... చేతిలో... మా పిల్లలను... పెట్టుట... అన్యాయమని..." ఇప్పుడు గుసగుసలు లేవు. పంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్క మాట కూడా మింగలేదావిడ. తన గురించి రాసిన చెడ్డ మాటలన్నీ ఒక్కొక్కటే వేలితో నడిపించుకుంటూ చదివింది. "సదరు... ఉపాధ్యాయురాలిని... తక్షణమే... తొల... తొలగించ... తొలగించవలసిందిగా... కోరుచున్నాము." కిందనున్న పది సంతకాలు, పేరుపేరునా చదివింది. ఎవరి పేరు వస్తే వాళ్ళు తలొంచుకున్నారు.

చదివేసి, అట్ట తీసి, కాగితం మడిచి సత్తిబాబు చేతికిచ్చింది. "ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు. మధ్యలో ఒక్కరూ 'ఊఁ, తరవాత?' అనలేదు. అందుకే చివరిదాకా చదవగలిగాను. సత్తిబాబు గారూ, నాకిచ్చినంత సేపు మీ లోవరాజుకి ఇంట్లో ఎప్పుడైనా ఇచ్చారా అండి?"

సత్తిబాబు కాగితం కేసి చూశాడు, గుమ్మం దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ కొడుకు కేసి చూశాడు. చివరికి, "ఎంతసేపు కూచోవాలండి, రోజుకి?" అని అడిగాడు. ఇందాకటి గొంతు కాదది.

"వాడు ముగించేదాకా," అంది ప్రమీల.

ఆయన కాగితాన్ని చింపలేదు, ఇవ్వాలనుకున్నవాళ్ళకి ఇవ్వనూ లేదు. జేబులో పెట్టుకుని వెళ్ళి కొడుకు పక్కన నిలబడ్డాడు.

నా పక్కన కూర్చున్నాయన ఊరికి కొత్త. పిల్లని చేర్పించడానికి వచ్చాడు. నా వైపు వంగి, "చదవడం రాదన్న టీచరు గారు ఈవిడేనాండి?" అన్నాడు.

"ఆవిడేనండి," అన్నాను. "మా ఆవిడ."